బస్సెక్కిన మెయిల్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పెళ్ళయిన ఏడాదికే మా ఆయన ఊరంతా చెప్పాడు. నిజమే, కాదనను. కానీ ఆ కోపమే లేకపోతే మా విస్తళ్ళ షెడ్డు ఈపాటికి మూతపడి, అందులో ఎవరివో మేకలు కట్టేసి ఉండేవి.

నేను సత్తుపల్లి వైపు పిల్లను. కాపురానికి వచ్చింది పర్ణశాల దాటాక అడవి అంచున ఉన్న ఈ ఊరికి. ఇక్కడ అడ్డాకుకు కొదవ లేదు. ఎండిన ఆకులను తడిపి, మెత్తబడ్డాక పుల్లలతో కుట్టి, మిషన్ కింద పెట్టి వేడిగా అదిమితే గట్టి విస్తరి తయారవుతుంది. కొందరం ఆడవాళ్ళం కలిసి ఆ పని పెట్టుకున్నాం. మాకు లేనిదల్లా ఫోన్ సిగ్నల్. భద్రాచలం బస్సెక్కి గుట్ట మలుపు దాటితే గాని ఫోన్‌కు ప్రాణం రాదు.

మా సరుకు నచ్చింది హైదరాబాద్‌లో పెళ్ళి భోజనాల వ్యాపారం చేసే ఒకావిడకు. పర్ణశాల గుడికి వచ్చినప్పుడు మా విస్తరి చూసి, "మా ఆఫీసులో అన్నీ మెయిల్‌లోనే నడుస్తాయమ్మా, అందులోనే రాయండి" అని చెప్పి వెళ్ళింది. ఫోన్‌తో పాటు వచ్చిన మెయిల్ యాప్ ఉంది కదా, దానికేం భాగ్యం అనుకున్నాను. సిగ్నల్ లేని చోట పంపమని నొక్కితే అది పోలేదని ఎర్రగా చూపించి, రాసినదంతా ఓ మూలన పడేసేది. బస్సులో కూర్చుని మళ్ళీ తెరవాలి, మళ్ళీ నొక్కాలి. నేను తెరిచేలోగా మలుపు దగ్గరి సిగ్నల్ కాస్తా పోయేది. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. చివరికి విసుగెత్తి బయటి యాప్ ఒకటి వేసుకున్నాను.

చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో. వచ్చిన మెయిళ్ళను తనే చూసి, ముఖ్యమైనవి ఒక పక్క, మిగతావి ఇంకో పక్క సర్ది పెడుతుంది. "నీకన్నా అదే బుద్ధిమంతురాలు" అన్నాడు మా ఆయన. నేనూ నవ్వాను.

ఆ బుద్ధిమంతురాలి ఘనకార్యం జనవరిలో బయటపడింది. భద్రాచలం బజారుకు వెళ్ళి, తిరుగు బస్సు కోసం బస్టాండులో కూర్చుని, ఊరికే ఆ రెండో పక్క తెరిచాను. చీరల డిస్కౌంట్ల మధ్య హైదరాబాద్ ఆవిడ మెయిల్. వచ్చి చాలా రోజులైంది. విస్తళ్ళ ఫొటోలు కావాలట. వేడి పప్పుచారు పోస్తే కారడం లేదని చూపించే ఫొటో కూడా కావాలట. నెలకెంత సరుకు ఇవ్వగలమో రాసి ఈ శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పంపాలట. పంపకపోతే ఆర్డర్ ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఆ రోజు మంగళవారం.

ఆర్డర్ పోతుందన్న బాధ ఒక్కటే కాదు. షెడ్డు పెట్టిన రోజు నుంచీ నాతో ఉన్న కోయామె ఒకామె ఉంది, నేను చెల్లె అని పిలుస్తాను. చేతిలో పని లేక, మిరపకాయ కోతలకు పోవడానికి మూట సర్దుకుంటోంది. తిరుమలాయపాలెం వైపు పోయే ట్రాక్టర్ శనివారం పొద్దున వస్తుంది. పోతే ఎండాకాలం దాకా రాదు. మూడో తరగతి చదివే కూతురిని ఎవరి దగ్గరా వదల్లేక వెంట తీసుకుపోతుంది. పోయినేడు అలాగే పోయి పిల్ల చదివిందంతా మరిచి వచ్చింది. "ఆర్డరొస్తే ఉంటనక్కా, రాకపోతే నన్ను ఆపకు" అని ముందే చెప్పింది. ఆపడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

ఒళ్ళు మండి ఆ బుద్ధిమంతురాలిని అక్కడికక్కడే ఫోన్‌లోంచి తీసిపారేశాను. బస్టాండులో సిగ్నల్ బాగుంది, బస్సుకు ఇంకా టైముంది. ఈసారి అందం చూడదలుచుకోలేదు. వచ్చినవన్నీ ఒకే వరసలో కనబడాలి. పంపినది సిగ్నల్ దొరికేదాకా కాచుకుని, నేను తెరవకపోయినా తనంతట తనే పోవాలి. ఈ రెండూ ఉంటే చాలు.

మొదట వేసిన యాప్ నా ఫోన్‌లోని నంబర్లన్నీ చూస్తానంది. మెయిల్ పంపడానికి మా ఆడపడుచు నంబరుతో దానికేం పని? తీసేశాను. ఇంకోటి మెయిల్‌కూ మెయిల్‌కూ మధ్య ప్రకటనలు దూర్చింది. అదీ పోయింది. ఆఖరున దొరికినది ఎలాంటి సోకూ లేని బూడిదరంగు యాప్. ఫోన్‌లో సిగ్నల్ ఆపేసి, మా ఆయన అడ్రసుకు 'పప్పు నానబెట్టు' అని రాసి పంపాను. సిగ్నల్ మళ్ళీ పెట్టి ఫోన్ సంచిలో వేసుకున్నాను. కాసేపటికి తీసి చూస్తే ఎక్కడిదక్కడే ఉంది. వెతగ్గా వెతగ్గా తెలిసింది, బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే ఆ యాప్‌ను నిద్రపుచ్చుతోంది. సెట్టింగుల్లోకి వెళ్ళి దీన్ని మాత్రం నిద్రపుచ్చొద్దని చెప్పాను. మళ్ళీ పంపాను, మళ్ళీ సంచిలో వేశాను. ఈసారి పోయింది. బస్టాండులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ సంబరంలో బస్సు దిగుతుంటే కాలు మడతపడింది. తెల్లారేసరికి చీలమండ బూరెలా పొంగింది. అయినా కూర్చునే కుట్టాను. చెల్లె మిషన్ నడిపింది, పప్పుచారు కాచి పోసింది, నేను ఫొటోలు తీశాను. గురువారం సాయంత్రానికి అన్నీ జతచేసి, సైజు తగ్గించి, పంపమని నొక్కాను. వెళ్ళాల్సిన వాటి వరసలో మెయిల్ కూర్చుంది. ఇక దాన్ని మలుపు దాటించాలి. నేను నడవలేను. మా ఆయన వడ్ల కాంటా కోసం కొనుగోలు కేంద్రం దగ్గర బస్తాలకు కాపలా పడుకున్నాడు. చెల్లె పోదామంటే పిల్లకు జ్వరం.

మా ఊరి బస్సులో మనుషులు మాత్రమే ప్రయాణం చేయరు. హాస్టల్ పిల్లలకు కూర గిన్నెలు పోతాయి, దర్జీకి జాకెట్ గుడ్డలు పోతాయి, మందులు వస్తాయి. అన్నీ కండక్టర్ చేతికే ఇస్తాం. శుక్రవారం పొద్దున కట్టె ఊతంతో బస్సు దగ్గరికి వెళ్ళి గుడ్డసంచిలో ఫోన్ పెట్టి ఇచ్చాను.

"ఏందక్కా, ఫోనుకు టికెట్ గొట్టాల్నా?" అన్నాడు కండక్టర్.

"కొట్టు తమ్ముడూ, హాఫ్ టికెట్."

"మరి లాక్ తీసియ్యి, నేనే పంపిస్త."

"నా బ్యాంకు, నా బతుకు అన్నీ అందులోనే ఉన్నయ్. లాక్ తియ్యను. నువ్వేం ముట్టకు. ఊరికే తీస్కపోయి తీస్కరా."

నవ్వుకుంటూ తన సీటు పక్కన వేలాడదీసుకున్నాడు. బస్సు కదిలింది.

ఆ రోజు ఎలా గడిచిందో నాకే తెలుసు. చెల్లె వచ్చి షెడ్డులో నా పక్కన కూర్చుంది. ఎదురుగా వాళ్ళ గడప మీద మూట కనబడుతూనే ఉంది. "దానంతటదే ఎట్ల పోతదక్కా?" అని అడిగింది. పోతుందని గట్టిగా చెప్పాను గానీ, ఆ సెట్టింగు సరిగా పెట్టానా లేదా అని నా లోపల నేనే చస్తున్నాను. ఐదు దాటింది. ఇక పోయి ఉంటే పోయినట్టు, లేకపోతే లేదు.

పొద్దు గూకే వేళకు బస్సొచ్చింది. సంచి అందుకుని ఫోన్ తీస్తే తెర నల్లగా ఉంది. చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది. ఎప్పుడు ఆరిపోయిందో, పోతూనో, వస్తూనో ఎవరికి తెలుసు? కండక్టర్ మొహం పాలిపోయింది. "నేనేం ముట్టలేదక్కా, నీ మీదొట్టు" అన్నాడు పాపం.

షెడ్డులో చార్జింగ్ పెట్టి, దాని మీదికి వంగి కూర్చున్నాం. అది బతికి తెర వెలిగేదాకా చెల్లె నా భుజం వదల్లేదు. యాప్ తెరిచాను. వెళ్ళాల్సిన వాటి వరస ఖాళీ. పంపిన వాటిలో మా మెయిల్ ఉంది, పొద్దున్నే వెళ్ళింది. బస్సు మలుపు దాటే వేళకు. అంతే కాదు, వచ్చినవాటిలో అన్నిటికన్నా పైన హైదరాబాద్ ఆవిడ జవాబు. ఫొటోలు చాలా బాగున్నాయి, ఆర్డర్ మీకే ఇస్తున్నాం, మొదటి సరుకు నెలాఖరుకు పంపండి అని.

గట్టిగా చదివాను. చదివిందే మళ్ళీ చదివాను. ఎగిరి గంతేయాలనిపించింది, కాలు ఒప్పుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే. ఈ ఫోన్‌తో ఇన్నాళ్ళు పడిన కుస్తీలో గెలిచింది నేనే, ఇందులో నాకు మొహమాటం లేదు.

చెల్లె లేచి వాళ్ళ గడప దగ్గరికి వెళ్ళింది. మూట ముడి విప్పి, గిన్నెలు, దుప్పట్లు ఒక్కొక్కటే పక్కన పెట్టింది. అడుగున పిల్ల యూనిఫాం ఉంది. దాన్ని దులిపి, ముడతలు చేత్తో సాపు చేస్తూ నా వైపు తిరిగింది.

"పిల్లకు జరం తగ్గింది. రేపు శనివారం గదా అక్కా, బడి ఉంటదా?"