మెట్రో మెట్లెక్కి వచ్చిన టైపింగ్ టీచర్

కోవిడ్ తర్వాత మెట్రో మళ్లీ నిండుగా నడిచిన మొదటి వానాకాలం అది. చిక్కడపల్లి స్టేషన్‌లో నేను స్టేషన్ కంట్రోలర్‌ని. అంటే, లిఫ్టు ఆగినా, మనిషి తప్పిపోయినా ఆ షిఫ్టులో జవాబు చెప్పాల్సిన దాన్ని. టికెట్లు, తనిఖీ ఉండే మధ్య అంతస్తును మేము కాన్‌కోర్స్ అంటాం. వాన పడితే కింద హారన్లు ఎక్కడో దూరాన వినిపిస్తాయి. పైన రైలు వచ్చినప్పుడల్లా నేల సన్నగా వణుకుతుంది. స్టేషనంతా నీళ్ల మీద తేలుతున్నట్టుంటుంది.

ఆ సాయంత్రం సెక్యూరిటీ యాదగిరన్న నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక పెద్దమ్మ గంట సేపటి నుంచి నిలబడ్డది. టికెట్ తీస్కోదు, కిందికి పోదు. పిల్లలింకా రాలేదంటది."

వెళ్లి చూశాను. డెబ్బై దాటి ఉంటాయి. గంజి పెట్టిన నేతచీర, తడిసిన చెప్పులు. రోడ్డు వైపు రెయిలింగ్ దగ్గర నిలబడి వాననే చూస్తున్నారు. చేతిలో సంచి లేదు, ఫోన్ లేదు.

"ఎవరి కోసం చూస్తున్నరమ్మా?"

"ఫస్ట్ బ్యాచ్ పిల్లల కోసం. నాలుగైంది గద! తలుపు ఎవరు మార్చిన్రో ఏమో, దొరుకుతలేదు."

"మీ ఇల్లెక్కడ?"

ఆ మాటతో ముఖం మారిపోయింది. "ఇల్లు..." అని ఆగిపోయారు. పేరడిగాను. అదీ గుర్తు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను పోత," అంటూ మెట్ల వైపు కదిలారు. కింద వాన, ట్రాఫిక్. చెయ్యి పట్టుకుని ఆపాను.

పోలీసులకు ఫోన్ చేసి, ఆవిడను కస్టమర్ కేర్ గదిలో కూర్చోబెట్టాను. టీ ఇస్తే ముట్టలేదు. బల్ల మీది కీబోర్డు కనిపించగానే మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని నిటారుగా కూర్చున్నారు.

"వేళ్లు చూడొద్దు. కాగితం చూడాలె," అన్నారు నాతో.

యాదగిరన్న నెమ్మదిగా చెప్పాడు: "రోడ్డు వెడల్పు చేయకముందు ఈడనే మేడ మీద టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండె మేడం."

ఖాళీ పేజీ తెరిచాను. "టీచర్, లెటర్ ఎట్ల కొట్టాలె? జర చూపిస్తరా?"

"ఫ్రమ్ అడ్రస్‌తోని షురూ చెయ్యాలె."

కళ్లు మూసుకున్నారు. వేళ్లు కదిలాయి. పైన రైలు వచ్చి వెళ్లినా ఆగలేదు. ఎం. రాజ్యలక్ష్మి. ఇంటి నంబరు. గాంధీనగర్‌లో గల్లీ. పిన్‌కోడు. ఒక్క తప్పు లేదు. నోటికి రాని ఇల్లు వేళ్లకు గుర్తుంది.

అప్పటికి వచ్చిన కానిస్టేబుల్ ఆ గల్లీకి వెళ్లాడు. అరగంటలో ఆవిడ చెల్లెలు అనసూయగారు ఆటోలో వచ్చారు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయారు.

"పాల ప్యాకెట్ తేనీకి పోయొచ్చేసరికి అక్క లేదు. గల్లీ గల్లీ తిరిగిన మేడం."

ప్రింటు తీసిన కాగితం చేతిలో పెట్టాను. "ఇది అక్కనే కొట్టిందా? ఆర్నెల్లైంది, పేరడిగితే నా మొఖం చూస్తది," అంటూ ఏడ్చేశారు.

రాజ్యలక్ష్మిగారు కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మార్జిన్ తక్కువైంది. రేపు మళ్ల కొట్టు," అని నాకే ఇచ్చేశారు. తర్వాత చెల్లెలి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగారు.

తప్పిపోయినవాళ్లను పేరు, ఊరు, ఫోన్ నంబరు అడగాలని శిక్షణలో నేర్పారు. ఇప్పటికీ ముందు అవే అడుగుతాను. జవాబు రాకపోతే మాత్రం మళ్లీ మళ్లీ గుచ్చను. పక్కన కూర్చుని, "మీరేం పని చేసేటోళ్లు?" అని అడుగుతాను.