జేబులోకి పోయిన నిమ్మకాయ

మద్రాసు శాసనసభకు మా వైపు నుంచి గెలిచిన మెంబరు, నేను మార్కాపురం హైస్కూల్లో ఒకే బెంచీ. ఆ రోజు కంభం స్టేషనులో రైలు కోసం కూర్చుని, పక్కనున్న ముసలి సాయిబుకు అదే చెప్పాను.

"లెక్కలు నా దాంట్లో చూసి రాసేటోడు. ఎస్సెల్సీ తప్పినాడు. జైలుకు పోయొచ్చినాడు, మెంబరైనాడు. బి.ఎల్. చదివిన నేనేమో గొర్రెల తగాదాలు వాదిస్తా ఉండా. ఇదేం న్యాయం?"

"అట్లనా నాయనా," అంటూ ఆయన తలూపుతూ అంతా విన్నాడు.

రైలొచ్చింది. దిగింది ఆ మెంబరే! సాయిబు సంచిలోంచి రెండు నిమ్మకాయలు తీసి, ఒకటి నా చేతిలో పెట్టాడు.

"పెద్దమనిషి కాడికి వట్టి చేతుల్తో ఎట్ల పోతావు?"

మెంబరు నా కాయ అందుకుని, నా మొహం చూడకుండానే వెనకున్న మనిషికి ఇచ్చేశాడు. సాయిబును చూడగానే మాత్రం నిలబడిపోయాడు.

"కాలు ఎట్లుంది మామా?" అంటూ సాయిబు ఇచ్చిన కాయను జేబులో వేసుకున్నాడు.

"ఈయన నీ దోస్తంట. ఇంతసేపూ నీ సంగతే చెప్తా ఉండాడు," అన్నాడు సాయిబు.

నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"ఏం చెప్పినాడు?" అన్నాడు మెంబరు.

"ఒకే బెంచీలో చదువుకున్నారంట." అంతే అన్నాడు.

మెంబరు పదవి నాకు రాలేదన్న కడుపుమంట ఎప్పుడో చల్లారింది. ఆ జేబు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ మండుతుంది.