మా చిలకను ఎవరికీ ఇవ్వను

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మా పై అంతస్తులో ఒక ఆంటీ ఉండేవారు. మలేషియాలో పుట్టిన తెలుగావిడ. మాట్లాడుతుంటే తెలుగులో తమిళం, మలాయ్ వాటంతటవే కలిసిపోయేవి. మోకాళ్లు మొరాయించి మలేషియాలోనే, ఇపో ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోవాల్సి వచ్చినప్పుడు ఆవిడ బెంగంతా తన ఆఫ్రికన్ గ్రే చిలక గురించే. ఈ జాతి పక్షిని సరిహద్దు దాటించాలంటే బోలెడు అనుమతులు కావాలి. ఆ తిరుగుడు ఆవిడ వల్ల కాదు.

"నువ్వు పెట్టుకుంటావామ్మా?" అని లిఫ్ట్ దగ్గర అడిగారు.

"పెట్టుకుంటానాంటీ" అన్నాను. మా ఆయన్ని అడగలేదు. ఆయన అప్పుడు జురాంగ్ ఐలాండ్‌లో షిఫ్టులో ఉన్నారు. ఇంటికొచ్చేసరికి హాల్లో పంజరం, అందులో బూడిదరంగు ఒళ్లు, ఎర్ర తోక, మనిషిని అనుమానంగా చూసే లేతపసుపు కళ్లు.

"ఎన్నాళ్లుంటుందిది?"

"ఇక్కడే ఉంటుంది."

షూస్ విప్పుకుంటూ కాసేపు దాన్నే చూశారు. "సరే. నా చార్జర్ వైరు మాత్రం దాని నోటికి అందనివ్వకు" అన్నారు.

మొదట్లో అది నోరు విప్పలేదు. ఆంటీ మీద బెంగపెట్టుకుని రొమ్ము మీద ఈకలన్నీ పీక్కుంది. కోడిని ఒలిచినట్టు గులాబీరంగు చర్మం బయటపడింది. వెట్ డాక్టర్ దగ్గరికి తీసుకెళితే రోగమేమీ లేదన్నారు. ఈ పక్షులు ఒక మనిషికి అలవాటుపడితే ఆ మనిషి లేకపోవడం తట్టుకోలేవట. రోజూ పంజరంలోంచి బయటికి వదలండి, కొరుక్కోవడానికి ఏదైనా ఇవ్వండి, ఓపిక పట్టండి అన్నారు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు పని ముగించుకుని, ట్రైన్‌లో నలిగి ఇంటికొచ్చి, దాని ముందు కూర్చుని అట్టముక్కలు చింపి ఇచ్చేదాన్ని. అట్టముక్క వదిలేసి నా వేలు కొరికేది. రక్తం కడుక్కుని మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం బెండకాయలు తరుగుతుంటే వెనకనుంచి "మకాన్ అయిందా?" అని ఆంటీ గొంతు. ఆవిడ ఎవరు కనిపించినా ముందు అడిగే మాట అదే, తిన్నావా అని. కత్తి పక్కన పెట్టి "ఇంకా లేదు" అన్నాను. ఎందుకో ఏడుపొచ్చింది.

మా ఆయన అక్కగారు, మా వదిన, ఇక్కడే రెండు స్టేషన్ల అవతల ఉంటారు. ఆవిడకు చిలక మొదట్నుంచీ గిట్టలేదు. దాని ఒంటినుంచి తెల్లటి పొడి రాలుతుంది. అది ఊపిరితో లోపలికి పోతే కడుపు పండదని ఎవరో చెప్పారట.

నిజానికి పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగీ తిరిగీ, ఇక చాలని మేమిద్దరం అనుకున్నది చిలక రాకముందే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాంతో అందరి కళ్లూ చిలక మీద పడ్డాయి. ఎవరింట్లో పూజకు వెళ్లినా ఒకటే జాలి. "పోనీలే పాపం, చిలకతో కాలక్షేపం." ఆ జాలి వింటే నాకు ఒళ్లు మండేది. అది నా బిడ్డ కాదు, బిడ్డకు బదులూ కాదు. చిలక. ఇష్టమై పెంచుకుంటున్నాను. ఇష్టానికి ఇంకో కారణం ఎందుకుండాలి?

ఒక ఆదివారం వదిన చెప్పకుండా వచ్చారు. వెంట ముక్కూమొహం తెలియని భార్యాభర్తలు, చేతిలో ఖాళీ పంజరం.

"వీళ్లకు పక్షులంటే ప్రాణం. బాగా చూసుకుంటారు. నీ మంచికే చెబుతున్నాను, ఇచ్చెయ్" అన్నారు వదిన.

నేను గుమ్మంలోంచి కదల్లేదు. "ఇవ్వను వదినా."

"నీకింకా వయసుంది. ఆ పొడి..."

"పిల్లలు లేకపోవడానికి కారణం చిలక కాదు. మేమే ఆపేశాం. ఇక వద్దనుకున్నాం."

వదిన నన్ను వదిలేసి తమ్ముడి వైపు చూశారు. ఆయన బనియన్‌లోనే వచ్చి నా పక్కన నిలబడ్డారు. "ముందు వద్దన్నది నేనేనక్కా" అన్నారు.

పాపం ఆ దంపతులు సారీ చెప్పి, ఖాళీ పంజరంతో లిఫ్ట్ వైపు నడిచారు. వాళ్ల వెనకే వదినా వెళ్లిపోయారు, కనీసం మంచినీళ్లయినా తాగకుండా. నేను అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు.

ఆ మాట మావాళ్లందరికీ పాకింది. పాకనీ అనుకున్నాను. అంతకుముందు చుట్టాలొస్తుంటే చిలకను పడగ్గదిలో పెట్టి తలుపేసేదాన్ని. అది మానేశాను. ఎవరొచ్చినా అది హాల్లోనే, కుర్చీ వీపు మీద కూర్చుంటుంది. రొమ్ము సగం ఇప్పటికీ బోడే. "అయ్యో, ఇలా ఉందేంటి" అంటే, "అది అలాగే ఉంటుంది" అంటాను.

చాన్నాళ్లకు వదిన మళ్లీ వచ్చారు. చిలకకు దూరంగా ఉన్న సోఫాలో, చీర కొంగు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"ఎంతకాలం బతుకుతుందిది?"

"ఎక్కువే. నా తర్వాత కూడా బతకొచ్చు."

"అప్పుడెవరు చూస్తారు?"

"ఎవరో ఒకర్ని వెతుకుతాను. ఇప్పట్నుంచే వెతుకుతున్నాను."

వదిన చిలక వైపు ఒకసారి చూసి, "టీలో పంచదార తక్కువ వెయ్యి" అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను.