డెబ్బై మూడో మెట్టు

జూన్ 10, మంగళవారం. బట్టలు రెండు లోడ్లు; వాన వల్ల ఆరేసింది ఒకటే. ఇడ్లీకి పప్పు నానబోశాను. అమ్మాయి స్కూలు చొక్కాలు ఇస్త్రీ చేశాను. ఫ్రిజ్‌లో పై అర తుడిచాను. మా వారి బీపీ మాత్రలు తెచ్చాను.

రోజూ పనులు రాసుకునే నా పుస్తకంలో ఆ రోజు ఇంతవరకే ఉంది. ఐదో పని రాసి పెన్ను మూత పెట్టకముందే పక్కింటి ఆంటీ కూతురు తలుపు కొట్టింది. గొడుగు లేకుండా వచ్చింది. "అక్కా, అమ్మ ఈజ్ గాన్. పొద్దున హాస్పిటల్‌లో, నిద్రలోనే. నీకు ఫోన్‌లో చెప్పాలనిపించలేదు" అంది. తువ్వాలు ఇచ్చి కూర్చోబెట్టాను. టీ పెట్టాను. ఆ టీ రాయలేదు.

ఐదు పనులంటే ఆంటీ లెక్కలో ఒక గీత. చదివేవారికి ఈ లెక్క తెలియాలి, లేకపోతే ఆవిడ గురించి చెప్పలేను.

ఆంటీ కాకినాడ వైపు మనిషి. సిడ్నీకి వచ్చి ముప్పై ఏళ్ళకు పైనే. ఇక్కడి హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పన్నెండేళ్ళ క్రితం మేము సిడ్నీ శివారు టూంగాబీలో ఈ ఇంట్లో దిగినప్పుడు, కంచె మీదుగా మొదట అడిగిన మాట, "ఏమ్మా, మీ ఇంట్లో ఐస్‌క్రీం పుల్లలు పారేస్తారా, దాస్తారా?" అని. పుల్లలు, గులకరాళ్ళు, సముద్రం ఒడ్డున ఏరిన గవ్వలు ఆవిడ సామగ్రి. మా అమ్మాయి మూడో తరగతిలో కూడికలంటే ఏడుస్తుంటే వంటింటి బల్ల మీద అవి పరిచారు. రాయి ఒకటి, రాస్తే చుక్క. పుల్ల ఐదు, రాస్తే గీత. గవ్వ సున్నా. మనం పది కాగానే పక్క గడికి జరుగుతాం, వాళ్ళు ఇరవై కాగానే పై అంతస్తుకు ఎక్కుతారు. వాళ్ళంటే మాయా వాళ్ళు, మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో గుళ్ళు కట్టినవాళ్ళు.

"గవ్వ అంటే ఏమీ లేదనా ఆంటీ?" అని అడిగాను.

"వాళ్ళ సున్నా మన ఖాళీ డబ్బాలాంటిది కాదమ్మాయ్. ఒక లెక్క నిండింది, పూర్తయింది, ఇంక పైకి ఎక్కు, అని. చదువుకున్నవాళ్ళు అలాగే అంటున్నారు. నాకూ అదే నచ్చింది."

వెనక పెరట్లో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే గుంటలో వేసేవారు, అక్కడి రైతుల పద్ధతిలో. చిక్కుడు మొక్కజొన్నను పట్టుకుని ఎక్కుతుంది, గుమ్మడాకు నేలకు నీడ. టికాల్ అనే పాత నగరం ఫోటో ఒకటి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉండేది. అడవి నిండా చెట్ల తలలు, వాటి మధ్య నుంచి పైకి లేచిన మూడు గుడి శిఖరాలు. నాలుగో గుడి ఎక్కితే అలా కనిపిస్తుందట. పాతికేళ్ళుగా చూడాలనుకుంటున్నది అదొక్కటే అనేవారు.

ఆరేళ్ళ క్రితం, కూతురికి సెలవు దొరక్క, తోడుగా నన్ను రమ్మన్నారు. నేను కర్నూలు నుంచి సిడ్నీకి రావడం తప్ప ఎక్కడికీ వెళ్ళినదాన్ని కాను. మా అమ్మాయి నవ్వింది. "మమ్, పారమట్టా మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కడానికే నువ్వు నాన్న చెయ్యి పట్టుకుంటావు. ఆర్ యూ సీరియస్?"

మా వారు మాత్రం, "పో. వారం రోజులు మేమూ నీ లెక్క నుంచి తప్పించుకుంటాం" అన్నారు.

టికాల్‌కు ముందు సరస్సు మధ్య ఫ్లోరెస్ అనే ఊళ్ళో దిగాం. వీధి పక్కన ఒకావిడ మొక్కజొన్న రొట్టెలు చేత్తో తడుతోంది. అచ్చం మా జొన్న రొట్టె చప్పుడే. పక్కన బానలో గింజలు నానుతున్నాయి. నీళ్ళలో ఏం కలిపారని మా గైడు చేత అడిగిస్తే, సున్నం అంది. ఆంటీ చిన్నపిల్లలా నా మోచేయి పట్టుకున్నారు. "విన్నావా, తాంబూలంలో వేసే సున్నం. గుళ్ళు కట్టిన నాటి నుంచీ ఇదే పద్ధతి." నేను ముద్ద అడిగి తీసుకుని ఒక రొట్టె తట్టాను. కర్నూలు కొలతకు పెద్దదైపోయింది. ఆ రొట్టెలావిడ దాన్ని ఎత్తి పక్క కొట్టువాళ్ళందరికీ చూపించి పకపకా నవ్వింది. వాళ్ళ భాషలో ఏదో అంది. గైడు ఇంగ్లీషులో చెప్పాడు, "ఇది రొట్టె కాదు, దుప్పటి అంటోంది."

తిరిగి వస్తూ ఆంటీ అన్నారు, "పుస్తకాల్లో ఈ మనుషులు అంతరించిపోయారని రాస్తారు. ఎక్కడికీ పోలేదు. రొట్టెలు చేస్తున్నారు, నిన్ను వెక్కిరిస్తున్నారు."

మర్నాడు సాయంత్రం నాలుగో గుడి దగ్గరికి వెళ్ళాం. పాత రాతిమెట్లు ఎక్కనివ్వరు. పక్క నుంచి చెక్కమెట్లు కట్టారు, నిటారుగా. నేను అలవాటు ప్రకారం లెక్కపెడుతూ ఎక్కాను. డెబ్బై మూడు దగ్గర ఒక ఆలోచన వచ్చింది. ఎక్కినవన్నీ దిగాలి. ఇంకా ఎక్కితే అవీ దిగాలి. ఇంట్లో ఏ లెక్కకైనా రెండో వైపు చూడటం నా పద్ధతి. అదే పద్ధతి అక్కడ నా కాళ్ళను పట్టేసింది. కటకటాలు పట్టుకుని కూర్చుండిపోయాను. వెనకవాళ్ళు పక్క నుంచి తప్పుకుని ఎక్కుతున్నారు.

"మీరు వెళ్ళండి ఆంటీ. నేనిక్కడే ఉంటాను."

ఆవిడ పైకి ఒకసారి చూశారు. వెలుగు తగ్గిపోతోంది. తర్వాత నా పక్కన కూర్చున్నారు. "నేను వెళ్తే నువ్వు ఒక్కదానివే దిగుతావు. దిగేటప్పుడే పడతారు" అన్నారు. చాలాసేపు నా వీపు నిమిరారు. చివరికి ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని దిగాం, ఇద్దరు పసిపిల్లల్లా. పొద్దున్నే మళ్ళీ వద్దామనుకున్నాం. తెల్లారేసరికి కుండపోత వాన, పది గంటలకు మా బస్సు.

పాతికేళ్ళ కోరిక నా వల్ల పోయింది. బస్సులో నేను ఏడుస్తుంటే ఆవిడ కిటికీ అద్దం మీద ఆవిరిలో వేలితో గీశారు. పైన మూడు చుక్కలు, కింద రెండు గీతలు, వాటి మీద ఇంకో మూడు చుక్కలు. మూడు ఇరవైలు, పదమూడు. "ఇదిగో, నువ్వు ఎక్కింది. మిగతావి నాకు బాకీ. రాసుకో." ఊరడించడానికే అన్నారేమో, నేను నిజంగానే రాసుకున్నాను.

ఆ తర్వాత మంగళ, శుక్రవారాల్లో నన్ను టూంగాబీ స్టేషన్ వంతెన మెట్లు ఎక్కించేవారు. పక్కనే లిఫ్ట్ ఉన్నా చూడనిచ్చేవారు కాదు. "ఎక్కేటప్పుడు దిగడం గురించి లెక్క వేయకు. ఆ పని దిగేటప్పటిది." మళ్ళీ వెళ్దామనుకున్నాం. కోవిడ్ వచ్చింది. తర్వాత ఆవిడ మోకాలు. పోయిన ఏడాది నయం కాని జబ్బు. డాక్టర్లు విమానం వద్దన్నారు.

జబ్బు కబురు తెలిసిన వారం నేను చారు పట్టుకెళ్తే, మంచం మీద నుంచి అన్నారు, "బాకీ సంగతి ఏం చేశావు?"

"మీరు లేకుండా ఎలా ఆంటీ?"

"నేనుంటే ఎక్కలేదు కదా."

అన్నాక ఇద్దరం నవ్వాం. మళ్ళీ ఆవిడే అన్నారు, "ఫోటోలు తేవద్దు. ఇంటర్నెట్ నిండా అవే. నువ్వు చూసొచ్చి నాకు చెప్పు. త్వరగా." ఆ చివరి మాట గట్టిగా అనలేదు. నాకు మాత్రం అదొక్కటే వినిపించింది.

ఫిబ్రవరిలో ఒక టూరు గుంపుతో వెళ్ళాను. ఈసారి తెల్లవారగానే. ఒకటి, రెండు, ఇరవై, నలభై. డెబ్బై మూడు దగ్గర కాళ్ళు గుర్తుపట్టాయి, ఆగాయి. కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. దూరంగా సింహం గర్జించినట్టు వినిపించింది. "సింహమా?" అన్నాను. మా గుంపులోని ముసలాయన, "అదేం కాదు, కోతి. ఇక్కడివి అలాగే అరుస్తాయి" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వుతూ ఒక కాలు పైకి వేశాను.

మార్చి మొదటి వారంలో ఆంటీ ముందు గదిలో, పెరటి వైపు తిప్పిన మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ చాలా చిక్కిపోయారు. ఎలా ఉందని కాదు, ముందు ఆవిడ అడిగింది మెట్ల లెక్క.

"మొత్తం ఎన్ని?"

డెబ్బై మూడు తర్వాత ఏ అంకే గుర్తు లేదు. "లెక్క మర్చిపోయానాంటీ."

"ఎవరు, నువ్వా? అప్పడాలు కూడా లెక్కపెట్టి వేయిస్తావు."

"నేనే."

ఆవిడకు నవ్వొచ్చి దగ్గు వచ్చింది. మంచినీళ్ళు పట్టాను. తేరుకుని, "అయితే బాగానే ఎక్కావు. ఇప్పుడు చెప్పు" అని కళ్ళు మూసుకున్నారు.

చెప్పాను. మొదట అంతా తెల్లగా ఉందని, పొగమంచు తప్ప ఏమీ లేదని. కింద కోతులు, పైన చిలకలు ఒకటే గోల అని. ఎండ తగిలి మంచు కరుగుతుంటే ముందు ఒక శిఖరం, కాసేపటికి దాని పక్కన ఇంకోటి, బాగా ఆలస్యంగా మూడోది, నీళ్ళలోంచి తలలు ఎత్తినట్టు వచ్చాయని. మధ్యలో ఆపితే, "మూడోది ఏ వైపు?" అని కళ్ళు తెరవకుండానే అడిగేవారు. చెయ్యి పట్టుకుని ఆ వైపు చూపించాను. ఆవిడ మొహం ఆ వైపు తిరిగింది.

అంతా అయ్యాక నా పుస్తకం అడిగారు. ఆరేళ్ళ నాటి పేజీ తీసి ఇచ్చాను. ఆ బాకీ వరుస పక్కన ఒక గవ్వ గీశారు.

అంత్యక్రియలు అయిన మర్నాడు ఆంటీ కూతురు ఒక ఎండు మొక్కజొన్న కండె తెచ్చి ఇచ్చింది. ఆవిడ చివరి పంటలోది. మా వంటింటి కిటికీకి కట్టాను. సెప్టెంబరులో చలి తగ్గగానే చిక్కుడు, గుమ్మడితో కలిపి ఒకే గుంటలో వేస్తాం. ఇప్పుడు మా అమ్మాయే అడుగుతోంది, "మమ్, కెన్ ఐ డిగ్ ఇట్?" అని. పొద్దున ఎండ పడితే గింజలు పసుపుపచ్చగా మెరుస్తాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు.

ఆ గవ్వ పక్కన ఇన్నాళ్ళూ నేనేమీ రాయలేదు. ఈ రోజు రాశాను.

ఆంటీకి, టికాల్ నాలుగో గుడి, మిగతా మెట్లు: చెల్లు.