డాబా కడిగే మా బావమరిది

చెప్పుకోకూడదు గానీ, మా భవనంలో కరెంటు మీటరు ఈమాత్రం నెమ్మదిగా తిరుగుతోందంటే అది నా చలవే. ఊరి బడిలో ఏడో తరగతి చదివి, తాపీ పట్టి, మేస్త్రీనై, చివరికి ఈ భవన సంఘానికి అధ్యక్షుణ్ణయ్యాను. మనిషి అడుగు పెడితేనే వెలిగే మెట్ల దీపాలు పెట్టించింది నేను. పడమటి కిటికీలకు బయట తడికలు కట్టించింది నేను. ఎండ వెనక్కి తిరిగిపోయేలా డాబాకు తెల్లపూత వేయించిందీ నేనే. అయితే ఆ పూత సంగతి చెప్పాలంటే ముందు మా బావమరిది గురించి చెప్పాలి.

వాడు మా భవనానికి కాపలాదారు, నీళ్ళ మోటారు చూసుకునేదీ వాడే. ఒక్కచోట నిలవడు. అన్నానికి కూర్చున్నా ఒక మోకాలు లేచే ఉంటుంది. నాతో మాట్లాడుతూనే నా చొక్కా గుండీ పెట్టేస్తాడు. “చిన్నప్పుడు వీణ్ణి వేస్తే ఉయ్యాలే అలిసిపోయేది” అంటుంది వాడి అక్క, అంటే నా ఇల్లాలు.

ఉద్యోగంతోపాటు వాడికి డాబా కిందే ఒక గది ఇచ్చారు. వాడి భార్య, నాకు చెల్లెమ్మ, అందులోనే బట్టలు కుడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గది పెనమే. పట్టుబట్ట మీద చెమట చుక్క పడితే ఇచ్చినవాళ్ళు ఊరుకుంటారా? వేసవి ముదరకముందే ఆమె దుప్పట్లో బట్టలు మూటకట్టి తలుపు పక్కన పెట్టింది.

“అన్నయ్యా, మా అక్కావాళ్ళింట్లో మిషనుకు చోటుంది. ఈసారి కూడా ఇలాగే కాలితే నేను వెళ్ళిపోతాను. ఈయన మోటారుతో కాపురం చేసుకుంటాడు.”

సంఘాన్ని కూర్చోబెట్టి తెల్లపూతకు ఒప్పించాను. నేను ఒప్పిస్తే ఒప్పుకోనివాళ్ళు ఇంతవరకూ లేరు. కుంచె మా బావమరిదే పట్టాడు, ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. వారం తిరక్కుండానే గది చల్లబడింది. పై అంతస్తువాళ్ళు కూలర్లు ఆపేసి, మెట్ల మీద కనబడితే నాకు నమస్కారం పెట్టారు.

అయినా మూట విప్పలేదు చెల్లెమ్మ. మీటరూ తగ్గలేదు.

“అధ్యక్షులవారూ, కూలర్లు ఆగాయి సరే. మీటరేమో గిరగిరా తిరుగుతోంది, మా కుళాయిల్లో నీళ్ళకు బదులు గాలి వస్తోంది” అన్నాడు సంఘం కార్యదర్శి, అందరూ వినేలా.

నేను గబగబా డాబా ఎక్కాను. కళ్ళు చెదిరే తెలుపు. మధ్యలో మా వాడు, పంచె ఎగగట్టి, పైపుతో డాబా అంతా కడుగుతున్నాడు.

“ఏంట్రా ఇది?”

“దుమ్ము పడింది బావా. మాసిపోతే ఎండ పట్టేస్తుంది. గది కాలుతుంది. మీ చెల్లెలు వెళ్ళిపోతుంది.”

“నిన్న కడగలేదూ?”

“కడిగా. మళ్ళీ పడిందిగా!”

రోజూ ఇదే వరస. వీడు తొట్టి ఖాళీ చేయడం, మోటారు మళ్ళీ నింపడం. కూలర్లు మిగిల్చిన కరెంటంతా మోటారు తాగేస్తోంది. చీపురుతో ఊడిస్తే చాలురా, బాగా మాసినప్పుడు కడుగుదువుగాని అని విడమరచి చెప్పాను. తల ఊపాడు. ఊపుతూనే పైపును ఇంకో మూలకు లాగాడు.

మా అరుపులు విని చెల్లెమ్మ పైకొచ్చింది. వస్తూనే కుళాయి కట్టేసింది.

“గది చల్లగా ఉందయ్యా. ఆ సంగతి నీకు తెలుసా అసలు? పూత వేశాక ఒక్క పూటన్నా లోపల కూర్చున్నావా?”

“నీ కోసమే కదే ఇదంతా...”

“నా కోసమైతే కిందికి రా. మా అక్కింట్లోనూ నువ్వుండవు, ఇక్కడా ఉండవు. ఇక నేను ఎక్కడుంటే ఏంటి?”

వాడి చేతిలోంచి పైపు జారిపోయింది. దాన్ని తీయడానికి వంగబోయి, ఆగి, ఆమె వెనకే దిగాడు. డాబా తాళంచెవి ఆమె కొంగుకు చేరింది.

ఆ తర్వాత మీటరు తగ్గింది. కార్యదర్శి నోరూ తగ్గింది. మొన్న చూద్దామని వెళ్ళాను. కుట్టుమిషనుకున్న చిన్న మోటారును ఆమె ఊడదీయించి, చేత్తో తిప్పే పిడి పెట్టించింది. మూటకట్టిన ఆ దుప్పటే మడిచి కింద వేసుకుని మా వాడు పిడి తిప్పుతున్నాడు, ఆమె బట్ట నడుపుతోంది. ఉన్నట్టుండి వాడు తలెత్తి పైకప్పు వైపు చూశాడు. చక్రం ఆగింది.

“మళ్ళీ ఏంటి?”

“పావురం వాలినట్టుందే.”

“వాలనీ. తిప్పు.”