బాబాయి బండికి రివర్సు లేదు

మా బాబాయి వెనక్కి వెళ్లడు. ఇది పొగడ్త కాదు, ట్రాఫిక్ సమాచారం.

ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. ఒకరోజు డిపోలో కండక్టరు "రానీ, రానీ" అని ఈల వేస్తే బస్సును వెనక్కి తీశాడు. బస్సులు తప్ప ఇంకేవీ ఆగకూడని చోట మేనేజరుగారి కొత్త కారు ఆగి ఉంది. కారుకు సొట్ట పడింది, బాబాయి ఉద్యోగం ఊడింది. విచారణలో ఈల సంగతి చెప్పమని బతిమాలాను.

"చెబితే వాడి ఉద్యోగం పోతుందిరా. వాడింట్లో తినే నోళ్లు ఆరు. మా ఇంట్లో రెండే. అందులో ఒకటి మాట్లాడ్డానికే సరిపోతుంది" అన్నాడు.

"వినబడింది" అంది పిన్ని వంటింట్లోంచి.

ఆ కారు అక్కడెందుకు ఆగిందని అడిగిన నాథుడు లేడు. మరుసటి నెల బాబాయి నడిపిన తొమ్మిదో నంబరు బస్సునే ఎత్తేశారు. నడిపేవాడు లేడట. వాళ్లే పంపించి, వాళ్లే లేడన్నారు.

బాబాయి ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పాత ఇనుప కొట్టుకు వెళ్లి ఒక పికప్ ట్రక్కును ఈడ్పించుకొచ్చాడు. అంతవరకు అందులో కోళ్లు కాపురమున్నాయి. వాటిని ఖాళీ చేయించడానికే రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత రెండేళ్లు ఇల్లు ఇల్లులా లేదు. కార్బురేటరు పిన్ని గిన్నెలో కిరసనాయిలు పోసుకుని నానేది. తుప్పు గీకితే దాని కింద ఇంకో తుప్పు, బండి పుట్టుకే తుప్పుతో అయినట్టు. పిస్టన్లు గ్లాసుల పక్కన బోర్లించి ఉండేవి. ఇంటికొచ్చిన చుట్టమొకాయన పిస్టనుతో మంచినీళ్లు ముంచుకుని, "గ్లాసు మంచి బరువుందే, వెండిదా? కాకపోతే కారుతోంది" అన్నాడు.

చివరికి బండి లేచింది. మెకానిక్ వచ్చి గేర్లన్నీ వేసి చూడబోయాడు. నాలుగు పడ్డాక బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు గేర్లు నాలుగూ బాగున్నాయి. రివర్సు వేయనివ్వవేం అన్నా?"

"తీసేశా. అదుగో." గోడమీద మేకుకు ఒక పళ్లచక్రం వేలాడుతోంది.

మెకానిక్ చక్రం వంక చూశాడు, బాబాయి వంక చూశాడు, టీ తాగి వెళ్లిపోయాడు. డిపోలో తగిలిన దెబ్బకు బాబాయి ఒట్టు పెట్టుకున్నాడని మేమంతా అనుకున్నాం.

ఇక చూడండి. పాలకొట్టు బాబాయి ఇంటికి నాలుగిళ్లు వెనక. బండి ముఖం అటు లేదు. కాబట్టి తెల్లారి ఐదింటికి బయల్దేరి, ఆరు కిలోమీటర్లు ఊరు చుట్టి, పాలపాకెట్టు తెస్తాడు.

"పాలు ఇంటికొచ్చేసరికి పెరుగవుతున్నాయి" అనేది పిన్ని.

"తోడు వేసే పని తప్పింది కదా" అనేవాడు బాబాయి.

ముందు గేటులోంచి వచ్చిన బండి బయటికి పోవాలి కదా అని పెరటి గోడ పగలగొట్టించాడు. బండి రోజూ పెరట్లోంచి పోతూ ఆరేసిన దుప్పట్లలో ఒకటి తగిలించుకుపోయేది. పిన్ని దుప్పటి ఊరేగని వీధి లేదు.

ఒకసారి మా మేనత్త ఇంటికి బయల్దేరాం. బండి ఇల్లు దాటి ఆరడుగులు పోయి ఆగింది. చుట్టు తిరిగొచ్చాం, మళ్లీ దాటింది. రెండో చుట్టులో అత్తయ్య కిటికీలోంచి కాఫీ అందించింది, మూడో చుట్టులో గ్లాసులు తీసుకుంది. "మళ్లీ ఎప్పుడొస్తారు?" అంది. "ఇంకో పది నిమిషాల్లో" అన్నాడు బాబాయి.

మొన్న నా సైకిలు పంక్చరై నేనూ తెల్లవారుజామున ఆ బండెక్కాను. వంతెన దగ్గర ఆపాడు, నీళ్ల ట్యాంకు దగ్గర ఆపాడు, ఇటుకల బట్టీ మలుపులో ఆపాడు. ఆపినచోటల్లా ఇద్దరో ముగ్గురో ఆడవాళ్లు ఎక్కారు. అంతా ఆసుపత్రి బట్టలుతికేవాళ్లు. ఆరింటికి వాళ్ల గేటు మూస్తారు. ఒక్క నిమిషం దాటినా ఆ పూట పని లేదు. మూడుసార్లు దాటితే అసలు పనే లేదు.

"రోజూ నీకు శ్రమ కదన్నా" అంది అందరిలోకి పెద్దామె.

"శ్రమేంటమ్మా? రివర్సు లేక చస్తున్నా. ఎలాగూ ఇటే తిరగాలి. వెనక బరువుంటే బండి ఎగరదు కూడా. మీరే నాకు సాయం."

ఆసుపత్రి సందులోకి తిరిగాం. నిన్న లేని గొయ్యి ఇవాళ రోడ్డుకు అడ్డంగా ఉంది, పైపులకట. ముందు గొయ్యి, అటూ ఇటూ గోడలు. గేటు మూయడానికి ఏడు నిమిషాలుంది. పెద్దామెకు అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. బాబాయి గోడలు చూశాడు, గడియారం చూశాడు, అద్దంలో పెద్దామె ముఖం చూశాడు.

తర్వాత సీటు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగాడు. బండి ఆ సందులో బెత్తెడు సందు వదిలి, నూలుపోగు పట్టి లాగినట్టు, నూరు గజాలు వెనక్కి వచ్చింది.

"బాబాయ్, రివర్సు!" అన్నాను.

"రివర్సు కాదు. జారింది."

"ఇది ఎత్తు కదా. ఎత్తెక్కుతూ జారిందా?"

"పాత బండిరా. దానికేం తెలుసు?"

వెనకున్న ఎనిమిదిమందీ ఆకాశంకేసి చూస్తున్నారు.

పక్క దారిన ఆరుకు నిమిషం తక్కువగా గేటు చేరాం. దిగుతూ పెద్దామె నా చెవిలో అంది: "మాకు మొదటి వారమే తెలుసు బాబూ. గోడకున్నది సైకిలు పళ్లచక్రమని మెకానిక్ చెప్పాడు. ఊరికే ఎక్కించుకుంటే మేం ఎక్కమని మీ బాబాయి భయం. మాకు తెలిసిపోయిందంటే సిగ్గుపడతాడని మా భయం. ఇంట్లో చెప్పకు."

ఇంటికొచ్చి లెక్కేసుకున్నాను. వంతెన, ట్యాంకు, బట్టీ, ఆసుపత్రి. అది పాల దారి కాదు. ఎత్తేసిన తొమ్మిదో నంబరు దారి. ఒక్క స్టాపు తప్పలేదు.

ఒక ఊరి బస్సు బాధ్యత ఒక ముసలి బండికీ, ఒక అబద్ధానికీ వదిలేసి మనం నిద్రపోతున్నాం. కాబట్టి నా విన్నపం: తొమ్మిదో నంబరు బస్సు మళ్లీ వెయ్యమని అర్జీ రాశాం, మెకానిక్ షెడ్డులో ఉంది. వెళ్లి సంతకం పెట్టండి. మొదటి సంతకం ఆనాడు ఈల వేసిన కండక్టరుది. అర్జీ పట్టుకుని డిపోకు వెళ్లే రోజు మాతో రండి, వెనక్కి తగ్గకండి.

దారిలో బాబాయి కనబడితే మాత్రం, పాపం రివర్సు లేని బండితో ఎలా నెట్టుకొస్తున్నారని ఓ మాట అడగండి. ఆయన ఇది చదువుతాడని బెంగ వద్దు. వాళ్లింటికొచ్చే పత్రికలో ఈ రెండు పేజీలూ ఒకదానికొకటి అంటించేయడానికి పిన్ని పొద్దుటే జిగురు కలిపింది.