శాంతి అన్న పేరున్నవన్నీ

మొన్న అంబాజీపేటలో కొబ్బరికాయల లారీల మధ్య నడుస్తుంటే పచ్చి రంగు వాసన ముక్కుకు తగిలింది. ఒక పెయింటరు నిచ్చెన వేసుకుని, లారీ ముందు భాగం మీద 'శాంతి' అని పసుపు అక్షరాలు దిద్దుతున్నాడు. ఇంకొకరైతే బాగుందనుకుని వెళ్లిపోయేవారు. నేను ఆగి, ఆ రంగు కింద ఇదివరకు ఏ పేరుండేదో అని తొంగి చూశాను. "ఏంటండీ, బండి మీదేనాండీ?" అన్నాడు పెయింటరు. కాదని నవ్వేసి వచ్చేశాను. ఈ పాడు బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అంటించినవారు సామ్యేలు గారు.

అమలాపురంలో మా బీమా ఆఫీసుకు ఆయన సర్వేయరు. పడవ మునిగినా, గేదె చచ్చినా, రొయ్యల చెరువు మీద మోటారు కాలినా, వెళ్లి చూసి నిజమో కాదో రాసేది ఆయనే. ఆయన కింద పని నేర్చుకోవడానికి చేరాను నేను. ఆయన రాజోలు మనిషి. టీ తాగేముందు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడందే పెదవికి తగలనిచ్చేవారు కాదు. చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకున్నా ఒక కన్ను సగం తెరిచే ఉంచుతారని వాళ్లావిడే చెప్పి నవ్వేది. నేను చేరిన రోజునే ఆయన ఒక మాట అన్నారు. "ఫొటో అబద్ధం చెప్పదంటారమ్మా. నిజవే. కానీ అడిగినదానికే జవాబు చెప్తది. మనం ఏం అడిగేవో చూసుకోవాలి." చాదస్తం అనుకున్నాను.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడాది, ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న ఒక పల్లెలో పోలయ్య అనే అతని పడవ కట్లు తెంచుకుని కొట్టుకుపోయింది. పడవ పేరు శాంతి. ఆ ఇల్లు దాని మీదే బతికేది. బీమా వస్తే మరో పడవ చేయించుకుంటాడు. రాకపోతే ఎవరి చెరువు మీదో కాపలాకు పోవాలి. ఇంతలో ఎవరో పేరు చెప్పకుండా ఆఫీసు ఫోనుకు ఒక ఫొటో పంపారు. అది కపిలేశ్వరపురం రేవులో కట్టి ఉన్న పడవ. నీలం రంగు మీద తెల్లగా 'శాంతి'. పోలయ్య ఇచ్చిన పాత ఫొటోలోనూ నీలం మీద తెలుపే. పోయిందని చెప్పిన పడవను ఎగువన అమ్ముకున్నాడని మా మేనేజరు గారు తేల్చేశారు. పోలీసులకు రాయాలన్నారు. నాకైతే దొంగ అడ్డంగా దొరికాడనిపించింది.

సామ్యేలు గారు ఆ ఫొటోను చాలాసేపు చూశారు. "రాద్దావండీ. కాస్త ఆగండి. ముందు మన చుట్టుపక్కల శాంతులు ఎన్నున్నాయో చూసొస్తాను" అన్నారు.

ఆయన పాత స్కూటరు వెనక నన్ను ఎక్కించుకుని ఊళ్లు పట్టుకుని తిరిగారు. మండపేట దారిలో శాంతి అన్న పేరుతో ఒక రైస్ మిల్లు. కొత్తపేట పక్క వరికోత మిషను మీద అదే పేరు. ఒక చెరువు గట్టున జనరేటరు మీద సుద్దతో రాసిన శాంతి. ఒక శాంతినగర్, దాని బోర్డు కింద నీళ్ల బిందెల దగ్గర పోట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు. అన్నింటికీ ఫోనులో ఫొటోలు తీశారు. ఒక ఊళ్లో శాంతి అనే గేదె ఉందన్నారు. యజమాని పిలవగానే అది తల తిప్పింది. ఆయనకు అది చాల్లేదు. యజమానిని ఇంట్లోకి పంపించి, తను పిలిచి, అది తిరిగాకే ఫొటో తీశారు.

నాకు ఒళ్లు మండింది. పడవ సంగతి తేల్చమంటే గేదెల వెంట తిరగడమేమిటి? అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. విచారణకు వెళ్లినచోట మంచినీళ్లయినా ముట్టని మనిషి, పడవ పోయిన సంగతి చూడ్డానికి వెళ్లిన రోజు పోలయ్య ఇంట్లో అన్నం తిన్నారు. ఈ తిరుగుడంతా పని సాగదీసి అతన్ని బయట పడేయడానికేనేమో. అనుమానం ఒకసారి మొదలైతే ఆగుతుందా? కపిలేశ్వరపురం వెళ్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, పోలయ్య ఇంట్లో మీకేమైనా ముట్టిందా?"

స్కూటరు ఆపేశారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి, ముఖమంతా నవ్వుతో, "ఇన్నాళ్లకి పని వంటబట్టిందమ్మా నీకు. చేపల పులుసు ముట్టింది. ఉప్పెక్కువైంది. అది కూడా రాసుకో" అన్నారు. సిగ్గుపడ్డాను. అయితే అనుమానం పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను.

రేవులో పడవ ఉంది. ఫొటోలోదే. దాని యజమాని గోదావరి మధ్య లంకలోకి పశువుల్నీ మేతనూ దాటించుకునే రైతు. శాంతి అని ఎందుకు పెట్టారని అడిగితే చిర్రెత్తిపోయాడు. "మా అమ్మ పేరండి. ఏం, మీ ఊళ్లో ఎవరికీ అమ్మల్లేరాండీ?"

సామ్యేలు గారు చెప్పులు విడిచి పడవలోకి దిగి అంచు పొడుగునా అరచేత్తో తడిమారు. "చెయ్యి పెట్టి చూడమ్మా. వల లాగే పడవకి లాగేవైపు అంచు అరిగి నున్నగా అయిపోద్ది. పోలయ్య ఫొటోలో చూడు, అరిగి గుంట పడిపోయింది. దీనికి రెండు పక్కలా గరుకే."

"అంచుకి కొత్త చెక్క వేయించి ఉండొచ్చుగా సార్?"

"ఆయ్, ఉండొచ్చు" అని మోకాళ్ల మీద కూర్చుని అంచుకు కొట్టిన మేకులన్నీ చూశారు. అన్నీ పాతవే, తుప్పు పట్టి చెక్కలో కలిసిపోయాయి. అడుగు పలకల మీద పశువుల గిట్టల గీతలు. ఆ పడవ ఏనాడూ వల ఎరగదు.

మర్నాడు ఆయన మేనేజరు గారి బల్ల మీద ఫొటోలన్నీ పరిచారు. మిల్లు, మిషను, జనరేటరు, శాంతినగర్ బోర్డు, గేదె, లంక పడవ. "ఇందులో పోలయ్య అమ్ముకున్నదేదో చూపించండి, కేసు రాసేద్దాం" అన్నారు. ఆ తర్వాత అంచుల సంగతి, మేకుల సంగతి చెప్పారు. పోలయ్యకు బీమా వచ్చింది. కొత్త పడవ నీళ్లలోకి దిగిన రోజు మమ్మల్ని పిలిచాడు. దానికీ శాంతి అనే పేరు రాయించాడు. సామ్యేలు గారు తల పట్టుకున్నారు.

అజ్ఞాతంగా ఫొటో పంపినవాణ్ణి పట్టుకుందామని నేను పట్టుబట్టాను. ఆయన ఒప్పుకోలేదు. "వాడు శాంతి అన్న పడవ ఫొటో పంపేడు, అది శాంతే. అబద్ధం ఎక్కడుంది? అదే ఇది అన్నది మనవే కదమ్మా" అన్నారు.

చాలా ఏళ్లు ఈ కథ నేను ఒకలాగే చెప్పుకొచ్చాను: ఆఫీసంతా దొంగ అన్నప్పుడు పేదవాణ్ణి నమ్మిన ఒకే ఒక్క మనిషి అని. ఆయన మంచాన పడ్డాక రాజోలు వెళ్లి చూసినప్పుడు ఆ మాటే ఆయనతోనూ అన్నాను. "పోలయ్య మీద మీ నమ్మకమే అతన్ని నిలబెట్టింది సార్."

దగ్గు వచ్చేదాకా నవ్వారు. "నమ్మకవా? వాడు దొంగేననుకున్నానమ్మా, రేవులో దిగి అంచు తడిమేదాకా. తప్పించుకునే సందు లేకుండా పట్టుకోవాలనే అన్ని ఊళ్లూ తిరిగేను. నమ్మేసుంటే ఆఫీసులో కూచునే మంచోడని రాసేసేవాణ్ణి. పైవాళ్లు దాన్ని చించి పారేసేవోరు. ఏమయ్యేవాడు పోలయ్య?"

కొంతకాలానికి ఆయన పోయారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. నాకు మనుషుల మీద నమ్మకం తక్కువని ఇంట్లో వాళ్లు దెప్పుతుంటారు, నిజమే. వచ్చిన ప్రతివాడూ ముందు నాకు దొంగలాగే కనిపిస్తాడు. అందుకే వాడి గుమ్మం దాకా వెళ్తాను.